సంఘ కార్యాలయంలో వీడియో రికార్డరు – లోపాలు కనిపెట్టడం ఎలా?

మన ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సంఘాలలో చాలా చోట్ల ఈనాడు సి.సి. కెమెరాలు ఉన్నవి. పాలు తూచే చోట ఒకటి, పరీక్ష బల్లకు ఎదురుగా ఒకటి, పాలు చల్లబరచే ట్యాంకు గదిలో ఒకటి, వాకిట్లో ఒకటి – సాధారణంగా నాలుగు ఉంటాయి. ఈ నాలుగింటి తీగలు వచ్చి చేరేది కార్యదర్శిగారి బల్ల క్రిందనో, బీరువా పైననో ఉండే ఒక నల్లని పెట్టెలోకి. దానినే డిజిటల్ వీడియో రికార్డరు అనీ, వాడుకలో డి.వి.ఆర్. అనీ అంటున్నాము. కెమెరా చూస్తుంది, ఈ పెట్టె గుర్తుంచుకుంటుంది. పెట్టె గుర్తుంచుకోకపోతే కెమెరాలు ఎన్ని ఉన్నా సంఘానికి ఉపయోగం లేదు.

ఈ పెట్టెను గురించి సంఘాల కార్యదర్శులకూ, పాలకవర్గ సభ్యులకూ తెలియవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. మెకానిక్కు వచ్చేదాకా ఆగవలసిన పనులు తక్కువ. మనం చూసుకోగలిగినవే ఎక్కువ. వాటిని వివరించే ముందు మా తనిఖీలో జరిగిన ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. అందులో మా పొరపాటు కూడా ఉన్నది కనుక దాచకుండా చెబుతున్నాము.

ఒక సంఘంలో జరిగిన సంగతి

2022లో ఒక సంఘం నుండి ఫిర్యాదు వచ్చింది. పదేళ్ళుగా ఆ సంఘానికి రెండు పూటలా గేదె పాలు పోస్తున్న ఒక సభ్యురాలికి ఆ పక్షం బిల్లు బాగా తగ్గి వచ్చింది. ఎప్పుడూ 7కు అటూ ఇటూ ఉండే వెన్న శాతం ఆ పదిహేను రోజులలో చాలా పూటలు 6 కూడా దాటలేదు. ఆమె పరీక్ష బల్ల దగ్గర నిలబడి, "ఏం బాబూ, గేదె అదే, మేత అదే. వెన్న ఎక్కడికి పోయింది? నా సీసా అని ఎవరి సీసా పెట్టావో!" అని అడిగింది. టెస్టరు ఇరవై ఐదేళ్ళ కుర్రవాడు. "లేదమ్మా, మిషను ఏం చూపిస్తే అదే వ్రాశాను" అన్నాడు. మాట పెరిగింది. వరుసలో ఉన్నవారు రెండు పక్షాలయ్యారు. చివరికి అధ్యక్షులు కల్పించుకొని, "కెమెరా ఉన్నది గదా, చూద్దాం" అన్నారు. ఆ మాటతో ఇద్దరూ శాంతించారు. ఇద్దరూ నిజం బయటపడుతుందనే అనుకున్నారు.

మేము వెళ్ళేసరికి గోడమీది తెరపై నాలుగు బొమ్మలూ చక్కగా కనిపిస్తున్నవి. పాత దృశ్యాలు చూపే ప్లేబ్యాక్ తెరచి ఆ తేదీలు అడిగితే ఏమీ రాలేదు. వెనక్కు, ఇంకా వెనక్కు వెళ్ళి చూశాము. మూడు నెలలకు పైగా ఒక్క పూట కూడా రికార్డు కాలేదు. లోపలి హార్డ్ డిస్కు చెడిపోయింది. చెడిపోయిన రోజున ఆ పెట్టె ఊరుకోలేదు, ఆగకుండా బీప్ బీప్‌మని అరిచింది. ఆ గోల భరించలేక, ఎవరో మెనూలోకి వెళ్ళి ఆ శబ్దాన్ని ఆపివేశారు. తెరపై బొమ్మలు వస్తూనే ఉన్నవి కాబట్టి అంతా సవ్యంగా ఉన్నదనుకున్నారు.

ఆ సంఘానికి అంతకు రెండు నెలల ముందు తనిఖీకి వెళ్ళినది మేమే. అప్పటి మా నివేదికలో "సి.సి. కెమెరాలు 4 – పనిచేయుచున్నవి" అని వ్రాసి సంతకం పెట్టాము. తెర చూసి వ్రాశాము. ప్లేబ్యాక్ చూడలేదు. చూసి ఉంటే అప్పటికే నెల రోజులుగా రికార్డు లేదని తెలిసేది, కొత్త డిస్కు వేసి ఉండేవారు, ఆ పదిహేను రోజుల దృశ్యాలు దొరికేవి.

ఆ సభ్యురాలు సంఘానికి పాలు పోయడం మానివేసింది. ఆమెతోపాటు ఆ వీధిలో మరి నాలుగు ఇళ్ళవారు మానుకున్నారు. టెస్టరు కుర్రవాడు తలవంపులు భరించలేక నెల తిరగకుండా ఉద్యోగం వదిలిపెట్టాడు. ఆమె అనుమానం నిజమో, అతని మాట నిజమో ఈనాటికీ తేలలేదు. ఇక తేలదు కూడా.

బొమ్మ వేరు, రికార్డు వేరు

దీనికి కారణం రికార్డరు పనిచేసే తీరులోనే ఉన్నది. కెమెరా నుండి వచ్చే బొమ్మను ఈ పెట్టె రెండు దారులలో పంపుతుంది. ఒక దారి నేరుగా తెర మీదకు. రెండవ దారి బొమ్మను కుదించి హార్డ్ డిస్కు మీదకు. రెండవ దారి పూర్తిగా మూసుకుపోయినా మొదటి దారి నడుస్తూనే ఉంటుంది. డిస్కు తీసివేసి చూసినా తెరపై బొమ్మలు వస్తాయి. కాబట్టి తెరపై బొమ్మ కనబడడం కెమెరాకూ తీగకూ సాక్ష్యమే గాని, రికార్డుకు సాక్ష్యం కాదు.

రికార్డు అవుతున్నదా లేదా తెలుసుకొనే పరీక్ష ఒక్కటే: నిన్నటి ఉదయం పాలపూటను ప్లేబ్యాక్‌లో తెరచి, నాలుగు కెమెరాలలోనూ కొద్దిసేపు నడిపించి చూడడం. దీనికి అయిదు నిమిషాలు చాలు. తెర మూలన ఎర్రచుక్క వెలుగుతున్నదనో, ముందువైపు దీపం మినుకుమంటున్నదనో సరిపెట్టుకోరాదు.

ఒకసారి ఒక్కటే మార్చి చూడండి

లోపం ఎక్కడ ఉన్నదో కనిపెట్టడానికి పాత రేడియో మెకానిక్కులు పాటించిన సూత్రమే దీనికీ వర్తిస్తుంది. ఒకసారి ఒక్క వస్తువునే మార్చి చూడాలి. తీగ, అడాప్టరు, కెమెరా అన్నీ ఒకేసారి మార్చితే బాగుపడవచ్చును గాని, ఏది చెడిందో తెలియదు. మంచి వస్తువులకు కూడా సంఘం డబ్బు పెట్టవలసి వస్తుంది.

1. పెట్టెలో అసలు ప్రాణం లేదు. దీపాలు వెలగవు, ఫ్యాను తిరగదు. మొదట స్విచ్చి, ప్లగ్గు, తరువాత అడాప్టరు చూడాలి. ఎక్కువ సందర్భాలలో పోయేది అడాప్టరే. చిన్న రికార్డర్లకు 12 వోల్టుల అడాప్టరు ఉంటుంది. పెట్టె వెనుక వ్రాసి ఉన్న వోల్టులు సరిగ్గా కలవాలి. ఆంపియర్లు అంతే గాని, ఎక్కువ గాని ఉండాలి, తక్కువ ఉండరాదు. ప్లగ్గు బాగా పట్టింది గదా అని ఇంటర్నెట్ పెట్టె అడాప్టరు తెచ్చి పెట్టడం చాలా చోట్ల చూశాము. అది ఆ బరువు మోయలేదు.

2. పెట్టె వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. అడాప్టరు నీరసించినా ఇట్లా జరుగుతుంది, డిస్కు చెడినా జరుగుతుంది. ముందు మంచి అడాప్టరు పెట్టి చూడాలి. అప్పటికీ ఆగకపోతే, కరెంటు పూర్తిగా తీసివేసిన తరువాత మెకానిక్కు చేత డిస్కు తీగలు విప్పించి చూడాలి. డిస్కు లేకుండా పెట్టె నిలకడగా నడిస్తే లోపం డిస్కులో ఉన్నదన్నమాట.

3. పెట్టె నడుస్తున్నది గాని తెర నల్లగా ఉన్నది. టి.వి.ని ఎవరైనా వేరే ఇన్‌పుట్‌కు మార్చారేమో చూడాలి. తరువాత తీగ చూడాలి. రికార్డరు పంపే బొమ్మ పరిమాణం పాత మానిటరుకు పట్టనిదైనా తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు వేరొక టి.వి.కి కలిపి, మెనూలో పరిమాణం తగ్గించి, తిరిగి పాత మానిటరు పెట్టుకోవాలి. తెర నల్లగా ఉన్నా లోపల రికార్డు అవుతూ ఉండవచ్చు, కనుక కంగారుపడి పెట్టెను పదేపదే ఆర్పవద్దు.

4. ఒక్క కెమెరా బొమ్మ రాలేదు. పెట్టె వెనుక ఆ కెమెరా తీగను విప్పి, బాగా పనిచేస్తున్న మరో కెమెరా తీగతో స్థానం మార్చాలి. చీకటి తీగతోపాటు కొత్త స్థానానికి వెళ్ళితే లోపం కెమెరాలోనో, తీగలోనో ఉన్నది. చీకటి పాత స్థానంలోనే నిలిచిపోతే లోపం రికార్డరులో ఉన్నది. మన సంఘాలలో ఎక్కువగా చెడేది తీగ చివరి బి.ఎన్.సి. కనెక్టరు. క్యాన్లు కడిగే వేడినీటి ఆవిరి, నేల కడిగిన తేమ తగిలి లోపలి రాగి పచ్చబడుతుంది. ఆ ముక్క కత్తిరించి కొత్త కనెక్టరు వేయిస్తే సరిపోతుంది, కెమెరా మార్చనక్కరలేదు.

5. అన్ని కెమెరాలూ ఒకేసారి పోయినవి. నాలుగు కెమెరాలు ఒకేసారి చెడడం అరుదు. వాటన్నింటికీ కరెంటు ఇచ్చే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను చూడాలి.

6. పగలు బాగుంటుంది, రాత్రి బొమ్మ పోతుంది. దీనిని చాలామంది కెమెరా లోపం అనుకుంటారు. చీకటి పడగానే కెమెరాలోని పరారుణ దీపాలు వెలిగి, కెమెరా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఎస్.ఎం.పి.ఎస్. నీరసంగా ఉన్నా, తీగ మరీ పొడవై సన్నగా ఉన్నా, కెమెరా దగ్గరకు చేరేసరికి 12 వోల్టులు మిగలవు. బొమ్మ ఆరిపోతుంది. తెల్లవారగానే మళ్ళీ వస్తుంది. తెల్లవారుజాము ట్యాంకరు వచ్చి పాలు ఎక్కించుకొని వెళ్ళే సంఘాలకు ఈ లోపం చాలా ప్రమాదకరం. కెమెరా చివర మీటరు పెట్టి రాత్రిపూట వోల్టులు చూపించుకోవాలి.

7. రాత్రి బొమ్మ తెల్లగా పొగ కమ్మినట్లు ఉంటుంది. ఆ దీపాల కాంతికి పురుగులు, వాటికోసం సాలీళ్ళు చేరుతాయి. అద్దం ముందు అల్లిన గూడు ఆ కాంతికి తెల్లగా మెరుస్తుంది. వారానికొకసారి మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. దీనికి మెకానిక్కును పిలిచి చార్జీలు ఇచ్చిన సంఘాలు ఉన్నవి.

8. బొమ్మపై అడ్డగీతలు పాకుతున్నవి. ఎర్తు సరిగా లేకపోవడం, కెమెరా తీగను మూడు ఫేజుల మోటారు తీగ ప్రక్కనే లాగడం దీనికి సాధారణ కారణాలు. కూలరు కంప్రెసరు నడిచేటప్పుడే గీతలు వస్తున్నవా అని గమనిస్తే కారణం తెలుస్తుంది.

9. బొమ్మ ఉన్నది, రికార్డు లేదు. మూడు విషయాలు చూడాలి. మొదటిది, మెనూలో డిస్కు స్థితి "సాధారణం" అని చూపుతున్నదా, లోపం అని చూపుతున్నదా, అసలు డిస్కే కనిపించడం లేదా? రెండవది, రికార్డు వేళలను ఎవరైనా మార్చారా? మూడవది, డిస్కు నిండగానే పాత దృశ్యాలపై కొత్తవి వ్రాసుకొనే ఏర్పాటు అమలులో ఉన్నదా? అది లేకపోతే డిస్కు నిండిన రోజున రికార్డు ఆగిపోతుంది.

ఇక బీప్ శబ్దం మాట. డిస్కు చెడినప్పుడో, కెమెరా తెగినప్పుడో పెట్టె అరుస్తుంది. కారణం తెలుసుకోకుండా ఆ శబ్దాన్ని ఆపరాదు. ఆపవలసి వస్తే ఏ తేదీన, ఎందుకు, ఎవరు ఆపారో రిజిస్టరులో వ్రాసి, లోపం సవరించిన రోజున తిరిగి పెట్టాలి.

గడియారం తప్పితే సాక్ష్యం తప్పుతుంది

డిస్కు తరువాత ముఖ్యమైనది గడియారం. నేడు మన కేంద్రాలలో పాల పరీక్ష కాగానే యంత్రం ఇచ్చే చీటీ మీద సమయం అచ్చవుతుంది. వివాదం వచ్చినప్పుడు చీటీ మీది సమయాన్ని పట్టుకొని రికార్డులో ఆ నిమిషాన్ని వెతుకుతాము. పాలవేళ వరుసలో నిమిషానికి ఒకరు చొప్పున పాలు పోస్తారనుకుందాం. రికార్డరు గడియారం పన్నెండు నిమిషాలు తేడాగా ఉంటే, మనం చూసేది పన్నెండు మంది అవతల ఉన్న మరొక సభ్యుని సీసాను. తప్పు చేయనివాడు తప్పు చేసినట్లు కనబడవచ్చు.

గడియారం తప్పు చూపే తీరును బట్టి లోపం తెలుస్తుంది. నెలకు కొద్ది నిమిషాలు తేడా వస్తుంటే అది సహజమే, సరిచేసుకోవాలి. సరిగ్గా రెండున్నర గంటలు ముందుంటే కాలమండలం చైనాది, అంటే 8 గంటలది ఉన్నదన్నమాట, మనది 5.30 అని మార్చాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ 2000వ సంవత్సరానికో, 1970కో వెళ్ళిపోతుంటే లోపలి నాణెం వంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయింది. చాలా రికార్డర్లలో ఇది 2032 రకం. కొన్నింటిలో అతికించి ఉంటుంది గనుక మెకానిక్కు చేతనే మార్పించాలి. బ్యాటరీ ఖరీదు స్వల్పం. అది మార్చకపోతే ఆ దృశ్యాలన్నీ తప్పు తేదీ క్రింద చేరి, వెతికినవారికి దొరకవు.

ఇంటర్నెట్ ఉన్న సంఘాలలో గడియారం దానంతట అదే సరిచేసుకొనే ఏర్పాటు పెట్టుకోవచ్చు. లేనిచోట సోమవారం ఉదయం సెల్‌ఫోను సమయంతో పోల్చి, రికార్డరునూ, పాల పరీక్ష కంప్యూటరునూ రెండింటినీ సరిచేయాలి. సరిచేసే ముందు ఎంత తేడా ఉన్నదో తప్పక వ్రాసిపెట్టాలి. వెనుకటి దృశ్యాలు చూసేటప్పుడు ఆ తేడాయే దారి చూపుతుంది.

ఎన్ని రోజులు నిలుస్తుంది? లెక్క ఇది

"మా డిస్కు పెద్దదే" అని కార్యదర్శులు అంటూ ఉంటారు. పెద్దదో చిన్నదో లెక్కవేసి చూడాలి. ఒక కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు అవుతున్నదనుకుందాం. 8 బిట్లు ఒక బైటు కాబట్టి, ఇది సెకనుకు పావు మెగాబైటు. రోజుకు 86,400 సెకన్లు. అంటే ఒక కెమెరాకు రోజుకు 21,600 మెగాబైట్లు, సుమారు 21.6 గిగాబైట్లు. నాలుగు కెమెరాలకు 86.4 గిగాబైట్లు. 1 టెరాబైటు డిస్కు అంటే 1,000 గిగాబైట్లు. భాగిస్తే పదకొండున్నర రోజులు మాత్రమే.

(1 టెరాబైటు డిస్కు పెట్టినా మెనూలో 931 అని చూపవచ్చు. అది కొలత పద్ధతిలోని తేడా; దుకాణదారు మోసం కాదు.)

ఇప్పుడు మన పాల బిల్లుల పద్ధతి ఆలోచించండి. పక్షానికొకసారి బిల్లు ఇచ్చే సంఘంలో, మొదటి తేదీన తప్పు జరిగితే సభ్యునికి తెలిసేది పదిహేను రోజులు గడచి, బిల్లు చేతికి వచ్చిన తరువాత. ఫిర్యాదు పాలకవర్గం ముందుకు రావడానికి మరికొన్ని రోజులు. అప్పటికి పదకొండున్నర రోజుల డిస్కులో ఆ తేదీ మీద కొత్త దృశ్యాలు వ్రాసుకొని ఉంటాయి. అంటే అన్నీ సక్రమంగా పనిచేస్తున్న రికార్డరు కూడా సభ్యునికి న్యాయం చేయలేదు. కాబట్టి కనీసం 30 రోజులు నిలిచేటట్లు చూసుకోవాలని మా సలహా. పై లెక్కన 30 రోజులకు 2,592 గిగాబైట్లు కావాలి. 4 టెరాబైట్ల డిస్కు వేస్తే 46 రోజులు వస్తుంది. కొనే ముందు మన రికార్డరు అంత పెద్ద డిస్కును తీసుకుంటుందో లేదో దాని పుస్తకంలో చూసుకోవాలి.

ఖర్చు లేకుండా కూడా రోజులు పెంచవచ్చును. తూకం, పరీక్ష కెమెరాలను పాలవేళలలో మాత్రమే, రెండు పూటలకూ కలిపి 8 గంటలు రికార్డు చేయిస్తే, ఆ రెండింటికీ రోజుకు 14.4 గిగాబైట్లే. ట్యాంకు గది, వాకిలి కెమెరాలు మాత్రం 24 గంటలూ నడవాలి; వాటికి 43.2. మొత్తం 57.6. అదే 1 టెరాబైటు డిస్కు 17 రోజులు వస్తుంది. హెచ్.265 అనే కుదింపు పద్ధతి ఉన్న రికార్డరులో సెకనుకు 2 మెగాబిట్లకు బదులు 1 మెగాబిట్ పెట్టుకొంటే రోజులు రెట్టింపు అవుతాయి. అయితే పొదుపు కోసం నాణ్యత మరీ తగ్గించవద్దు. పరీక్ష యంత్రం మీది వెన్న అంకె, సీసా మీది సభ్యుని నంబరు చదవడానికి రాకపోతే ఆ దృశ్యం నూరు రోజులు నిలిచినా వృథా. కెమెరాను వాకిలి వెలుతురుకు ఎదురుగా గాక, వెలుతురు దాని వెనుక ఉండేటట్లు బిగించాలి.

డిస్కు కొనేటప్పుడు నిఘా రికార్డర్ల కోసం తయారైన రకాన్నే అడగాలి. మామూలు కంప్యూటరు డిస్కు రేయింబవళ్ళు వ్రాతకు ఉద్దేశించినది కాదు. మూడేళ్ళు దాటిన డిస్కును అనుమానంతోనే చూడాలి. కంప్రెసరు మొదలైనప్పుడు వోల్టేజి పడిపోవడం, కరెంటు నుండి జనరేటరుకు మారేటప్పుడు పెట్టె ఆరి వెలగడం డిస్కుకు చేటు. రికార్డరుకూ, కెమెరాల ఎస్.ఎం.పి.ఎస్.కూ కలిపి ఒక చిన్న యు.పి.ఎస్. పెట్టుకుంటే ఈ బెడద తప్పుతుంది.

ఫిర్యాదు వచ్చిన రోజున చేయవలసినది

ఫిర్యాదు నోటిమాటగా వచ్చినా సరే, పాలకవర్గ సమావేశం దాకా ఆగరాదు. ఆనాడే ఆ దృశ్యాలను నకలు తీయాలి. పెన్‌డ్రైవును ఎఫ్.ఎ.టి. 32 పద్ధతిలో సిద్ధం చేసుకోవాలి. చాలా రికార్డర్లు దానినే గుర్తిస్తాయి. కెమెరా, తేదీ, మొదలు, ముగింపు వేళలు ఎన్నుకొని, ఫిర్యాదు వేళకు ముందు అరగంట, తరువాత అరగంట కలుపుకొని నకలు తీయాలి. కొన్ని రికార్డర్లు తమ సొంత పద్ధతిలో నకలు ఇస్తాయి. దానిని నడిపించే ప్లేయరును కూడా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవాలి. తరువాత వేరొక కంప్యూటరులో నడిపి చూడాలి. నడవని నకలు నకలు కాదు. రెండు ప్రతులు తీసి, అధ్యక్షులు, ఫిర్యాదుదారు, టెస్టరు ముగ్గురి సంతకాలతో కవరు సీలు వేసి భద్రపరచాలి.

డిస్కులో లోపం ఉండి నకలు రాకపోతే ఆ డిస్కును తీసి, తేదీ వ్రాసి దాచి, కొత్తది వేయాలి. పాత డిస్కును వేరే రికార్డరుకు తగిలించినప్పుడు "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. అప్పుడు ఒప్పుకున్నామా, ఉన్నదంతా పోయినట్లే.

విషయం కోర్టు దాకా వెళ్ళితే నకలుతోపాటు ధ్రువపత్రం అవసరమవుతుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 65-బి సెక్షను స్థానే, 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షను అమలులోకి వచ్చింది. మహారాష్ట్రలోని జాల్నా శాసనసభ స్థానం ఎన్నిక వివాదంలో, నామినేషను పత్రాలు గడువు వేళకు ముందు వచ్చినవా, తరువాత వచ్చినవా అనేదానికి ఎన్నికల అధికారి కార్యాలయంలోని వీడియో దృశ్యాలనే సాక్ష్యంగా చూపారు. ఆ కేసులో 2020 జూలై 14న సుప్రీంకోర్టు, అసలు పరికరాన్నే కోర్టులో చూపనప్పుడు నకలుకు ధ్రువపత్రం తప్పనిసరి అని చెప్పింది. కనుక ఫిర్యాదు తీవ్రమైనదైతే పెట్టెను కదిలించక ముందే న్యాయవాది సలహా తీసుకోవడం మంచిది.

తాళం ఎవరి దగ్గర?

రికార్డరు పాస్‌వర్డు చాలా సంఘాలలో దానిని బిగించిన మెకానిక్కుకు మాత్రమే తెలుసు. అతను ఊరు మారితే సంఘం తన పెట్టెను తానే తెరవలేదు. మరికొన్ని చోట్ల కొన్ననాటి పాస్‌వర్డే ఉండి, అందరికీ తెలుసు. రెండూ తప్పే. పాస్‌వర్డు మార్చి, కాగితంపై వ్రాసి, సీలు కవరులో నగదు పెట్టెలో ఉంచాలి. పాలకవర్గం మారినప్పుడు ఇతర రికార్డులతోపాటు దీనిని కూడా అప్పగించి పుచ్చుకోవాలి. టెస్టరుకు చూసే అధికారం ఉండవచ్చు గాని, చెరిపే అధికారం ఉండరాదు. ఇది అతనిని అనుమానించి చెప్పే మాట కాదు. రేపు అతని మీద నింద వస్తే అతనికే రక్ష. అట్లాగే పాలు పోయడానికి వచ్చే ఆడవారి దృశ్యాలను ఎవరూ సెల్‌ఫోనులలోకి ఎక్కించుకోకుండా, అధ్యక్షుల లిఖిత అనుమతి లేనిదే నకలు తీయరాదని తీర్మానం చేసుకోవాలి.

వారానికొకసారి – అయిదు నిమిషాలు

ఒక సామాన్యమైన నోటు పుస్తకాన్ని రికార్డరు రిజిస్టరుగా పెట్టుకోండి. సోమవారం సోమవారం ఈ క్రింది వివరాలు నింపి, కార్యదర్శి సంతకం చేయాలి. నెలకొకసారి అధ్యక్షులు కూడా చూసి సంతకం చేయాలి.

– తేదీ, వేళ.
– రికార్డరు గడియారం, చీటీ యంత్రం గడియారం, సరియైన సమయం. తేడా ఎన్ని నిమిషాలు.
– నిన్నటి ఉదయం పూట దృశ్యం నాలుగు కెమెరాలలోనూ నడిచిందా.
– నిన్నటి రాత్రి దృశ్యం ట్యాంకు గది కెమెరాలో ఉన్నదా.
– పరీక్ష యంత్రం అంకెలు చదవడానికి వస్తున్నవా.
– డిస్కులో ఉన్న అతి పాత దృశ్యం ఏ తేదీది.
– లోపాలు, తీసుకున్న చర్య, మార్చిన వస్తువు, దాని ఖరీదు.

వీటిలో "అతి పాత తేదీ" చాలా పనికివచ్చేది. గత వారం 30 రోజుల వెనుకటి తేదీ ఉండి, ఈ వారం 5 రోజులే ఉంటే డిస్కును ఎవరో చెరిపారు, లేదా అది చెడడం మొదలుపెట్టింది. ఈ సంగతి తెర చూస్తే తెలియదు.

పైన చెప్పిన సంఘంలో ఇప్పుడు కొత్త డిస్కు ఉన్నది, రిజిస్టరు కూడా నడుస్తున్నది. మా తనిఖీ పద్ధతిని మేమూ మార్చుకున్నాము. "కెమెరాలు పనిచేయుచున్నవి" అనే వాక్యం వ్రాయడం మానివేశాము. ఏ తేదీ, ఏ వేళ దృశ్యం నడిపించి చూశామో, అతి పాత తేదీ ఏదో, గడియారం తేడా ఎంతో వ్రాస్తున్నాము. వచ్చే తనిఖీకి మేము మీ సంఘానికి వచ్చినప్పుడు నిన్నటి పాలపూట చూపించమని అడుగుతాము. కార్యదర్శులు పాస్‌వర్డు కవరునూ, రిజిస్టరునూ సిద్ధంగా ఉంచవలసినదిగా కోరుతున్నాము. అంతవరకు ఆగకుండా ఈ సంచిక చేతికి అందిన రోజే ఒకసారి చూసుకుంటే మరీ మంచిది.